వియన్నాలో మన అధికారికి ఏ అధికారం ఇవ్వాలి?

చిరంజీవికి ఆశీస్సులు.

వాసెనార్ చర్చల్లో వియన్నా ఎంబసీ అధికారి పాత్ర ఏమిటో తేల్చి నోట్ రాయమన్నారని చెప్పావు. నాయనా, ఆయన హోదా సంగతి తర్వాత చూద్దువుగాని. ముందు అక్కడ నిర్ణయాలు ఎలా జరుగుతాయో చూడు. ఆయుధాలు, సైన్యానికీ మామూలు పరిశ్రమకూ కూడా పనికొచ్చే పరికరాలు ఎవరి చేతికి పోవాలన్నది 42 దేశాలు కలిసి మాట్లాడుకునే చోటే ఈ వాసెనార్ ఒప్పందం. 2017 డిసెంబరులో మనం చేరాం. అక్కడ ఓటింగ్ లేదు, అందరూ ఒప్పుకుంటేనే ఏ అంశమైనా ఎగుమతులు అదుపు చేయాల్సిన వస్తువుల జాబితాలోకి ఎక్కుతుంది. కాబట్టి మనవాళ్లు నోరు మెదపకపోతే ఒప్పుకున్నట్టే.

అందుకే ఒప్పుకునే అధికారం, ఆపే అధికారం విడివిడిగా రాయి. ఆపే అధికారం ఆయనకు పూర్తిగా ఇవ్వు. "ఢిల్లీని అడిగి చెబుతాం, అప్పటిదాకా దీన్ని పెండింగ్‌లో ఉంచండి" అని ఎవరి అనుమతీ లేకుండా అనగలగాలి. ఒప్పుకోవడం మాత్రం రాతపూర్వకంగా ఆదేశం అందాకే.

డిసెంబరులో జరిగే ప్లీనరీ (సభ్యదేశాలన్నీ కూర్చునే సమావేశం) రోజుల్లో వియన్నాలో మధ్యాహ్నం మూడైతే ఢిల్లీలో రాత్రి ఏడున్నర. అసలు బేరాలు తెమిలేది సాయంత్రాలే, అప్పటికి మన ఆఫీసులు ఖాళీ. విదేశాంగ శాఖలో ఒకరు, విదేశీ వాణిజ్య డైరెక్టరేట్‌లో ఒకరు ఆ వేళ ఫోన్ తీయాలి. వాళ్లెవరో నోట్‌లోనే పేర్లతో రాయి. ఇది చిన్న విషయమని ఎవరైనా కొట్టేయమంటే ఒప్పుకోకు.

సాంకేతిక పదాల దగ్గర ఆయన్ని ఒంటరిగా వదలొద్దు. 2013లో నిఘా సాఫ్ట్‌వేర్ అమ్మకాలను అదుపు చేయాలని వాసెనార్ జాబితాలో చేర్చిన నిర్వచనం మరీ విశాలంగా ఉండి, లోపాలు వెతికి సరిచేసే సైబర్ భద్రతా నిపుణుల పనికీ అడ్డు తగిలేలా తయారైంది. 2015లో అమెరికా దాని మీద ముసాయిదా నిబంధనలు తెస్తే పెద్ద వ్యతిరేకత వచ్చింది. ఆ మాటలు సవరించేసరికి 2017 డిసెంబరు అయింది. వియన్నాలో మారిన నిర్వచనమైనా, కొలతైనా తర్వాత మన స్కోమెట్ జాబితాలోకీ (ఎగుమతికి లైసెన్సు కావాల్సిన వస్తువుల మన దేశపు జాబితా) వస్తుంది. అప్పుడు హైదరాబాద్‌లో రక్షణ విడిభాగాలు చేసే చిన్న కంపెనీకి కొత్తగా లైసెన్సు కావాల్సి రావచ్చు. ఆ కంపెనీ పని తెలిసిన నిపుణుడు ఢిల్లీ నుంచి వెళ్లి నిపుణుల బృందంలో మాట్లాడాలి. ఎంబసీ అధికారి ఆయన పక్కన కూర్చోవాలి.

మరి ఎంబసీ అధికారి ఎందుకంటావా? ఏ దేశం నిజంగా అడ్డుపడుతోంది, ఏ దేశం తన రాజధాని చెప్పింది కాబట్టి మొక్కుబడిగా అంటోంది అన్నది ఏడాది పొడవునా అక్కడ ఉన్నవాళ్లకే అర్థమవుతుంది. టీ విరామంలో విన్నది అదే రాత్రి ఢిల్లీకి రాసి పంపడం ఆయన బాధ్యతగా పెట్టు. నా దృష్టిలో ఆయన చేసే పనుల్లో అన్నిటికంటే విలువైనది ఇదే.

2023లోలా అధ్యక్షత మనకు వస్తే, అధ్యక్ష స్థానంలో ఉన్నవారు అన్ని పక్షాలకూ సమానంగా ఉండాలి. భారత్ తరఫున వాదించడానికి ఇంకొకరిని ముందే అనుకోండి.

నోట్ సంతకానికి పెట్టేముందు ఆ అధికారికే ఒకసారి పంపు. "ఈ ఆదేశాలతో రేపు సమావేశంలో కూర్చోగలరా?" అని అడుగు. ఆయన అడిగే ప్రతి ప్రశ్నకూ జవాబు నోట్‌లో చేర్చాకే ఫైలు పైకి పంపు.