నగర పారిశుద్ధ్యంలో కొత్తగా ఏం మారుతోంది? సెన్సర్ల కంటే ముందు ట్యాంకు లోతు చూడాలి

స్మార్ట్ టాయిలెట్లు, సెన్సర్లు, యాప్‌లతో నగరాల పారిశుద్ధ్యం నిజంగా మారుతుందా, ఈ రంగంలో కొత్తగా ఏం వస్తోంది అని అడిగారు. నేను పన్నెండేళ్లుగా ఈ పనిలోనే ఉన్నాను. మొదట పబ్లిక్ టాయిలెట్ల నిర్వహణ, తర్వాత సెప్టిక్ ట్యాంకులు ఖాళీ చేసే బండ్లు, ఇప్పుడు మలవ్యర్థాల శుద్ధి ప్లాంటు. కళ్లారా చూసిందే ఎక్కువగా రాస్తాను.

నాకు పెద్ద మార్పుగా కనిపిస్తున్నది ఒక్కటే: మరుగుదొడ్డి తలుపు అవతల ఏం జరుగుతోందో ఇప్పుడు అడుగుతున్నారు. చాలా ఏళ్లు లెక్కంతా ఎన్ని కట్టాం, ఎన్ని ఇళ్లకు ఉన్నాయి అన్నదే. కట్టేసి చేతులు దులుపుకోవడమే. ఐక్యరాజ్యసమితి 2015లో సుస్థిరాభివృద్ధి లక్ష్యాలు పెట్టాక ఆ కొలత మారింది. వ్యర్థం ఉన్నచోటే సురక్షితంగా మగ్గాలి, లేదా తీసుకెళ్లి శుద్ధి చేయాలి, అప్పుడే పూర్తి మార్కులు. అలా చూస్తే 2022 నాటికి ప్రపంచంలో 350 కోట్ల మందికి ఆ స్థాయి సదుపాయం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ లెక్క తేల్చాయి. వాళ్లలో ఇంట్లో శుభ్రమైన టైల్స్ టాయిలెట్ ఉన్నవాళ్లు కూడా ఉన్నారు.

అదెలాగో ఒక ఉదాహరణ చెబుతాను. ఓసారి ఒక అపార్ట్‌మెంట్ వాళ్లు పిలిచారు. పద్దెనిమిదేళ్లలో ఒక్కసారి కూడా ట్యాంకు తీయించలేదట, ఏ ఇబ్బందీ రాలేదట. చాలా గట్టిగా కట్టించామని సంతోషంగా చెప్పారు. మేం పొడవాటి కర్రకు తెల్ల తువ్వాలు చుట్టి, అడుగు తగిలేదాకా దించి, కొన్ని నిమిషాలు ఆగి మెల్లగా పైకి తీస్తాం. అడుగున పేరుకున్న మడ్డి తువ్వాలుకు నల్లగా అంటుకుంటుంది. ఆ నలుపు ఎంత ఎత్తుంటే మడ్డి అంత లోతున్నట్టు. పైన తేలే తెట్టె, కింద మడ్డి కలిపి లోతులో మూడో వంతుకు వచ్చాయంటే తీయించేయాలి. ఆ రోజు తువ్వాలు దాదాపు పైదాకా నల్లగా వచ్చింది. లోపల నీళ్లు నిలబడి తేటపడటానికి చోటే లేదు. ఒక పక్క నుంచి వచ్చింది వచ్చినట్టే ఇంకో పక్క నుంచి ఇంకుడు గుంతలోకి పోతోంది. ట్యాంకు పొంగలేదు కాబట్టి బాగుందనుకున్నారు. ఆ గుంతకు ఇరవై అడుగుల దూరంలో వాళ్ల బోరు ఉంది.

అందుకే పొంగినప్పుడు పిలవడం అనే పద్ధతి పోయి, వంతుల వారీగా ట్యాంకులు తీసే పద్ధతి రావాలని నేను గట్టిగా కోరుకుంటాను. మలేసియా, మనీలాల్లో ఇది ఉంది. టెక్నాలజీ నిజంగా పనికొచ్చేది కూడా ఇక్కడే. బండికి జీపీఎస్ పెడితే లోడు ప్లాంటుకు చేరిందో, దారిలో ఏ కాలువలో పడిందో తెలుస్తుంది. అయితే డ్రైవర్ని తిట్టి లాభం లేదు. ప్లాంటు దూరంగా ఉండి, డీజిల్ ఖర్చు అతని మీదే వేస్తే దగ్గర్లోని కాలువే కనిపిస్తుంది. ట్రిప్పు దించిన తర్వాతే పూర్తి డబ్బులిచ్చే పద్ధతి పెట్టాక మా ప్లాంటుకు బండ్లు రావడం పెరిగింది.

రెండో మార్పు, మురుగులో రోగాల జాడ వెతకడం. 1854లో లండన్‌లో కలరా వచ్చినప్పుడు జాన్ స్నో అనే డాక్టర్ ఏ ఇంట్లో ఎంతమంది చనిపోయారో ఆరా తీసుకుంటూ, రోగానికి మూలమైన బ్రాడ్ స్ట్రీట్ నీళ్ల పంపు దగ్గరికి చేరాడు. అంటే చావుల తర్వాతే సమాచారం. అదే లండన్‌లో 2022లో మురుగు నమూనాల్లో పోలియో వైరస్ దొరికింది. ఒక్కరికీ పక్షవాతం రాకముందే 1 నుంచి 9 ఏళ్ల పిల్లలకు అదనపు డోసు వేయడం మొదలుపెట్టారు. కోవిడ్ మొదట్లో నెదర్లాండ్స్‌లోని ఆమర్స్‌ఫోర్ట్ మురుగులో కూడా, అక్కడ కేసులు బయటపడకముందే వైరస్ జాడ దొరికింది. టెస్టుకు వెళ్లే స్తోమత లేనివాళ్లూ ఈ లెక్కలోకి వస్తారు, నాకు బాగా నచ్చేది అదే. కాకపోతే మురుగు పైపు లేని పేటలు ఈ నిఘాలోకి సులభంగా రావు. అక్కడ మా బండ్ల లోడు నుంచి, కాలువల నుంచి నమూనాలు తీసుకోవాలి.

పబ్లిక్ టాయిలెట్లలో సెన్సర్ల సంగతి. నేను చూసుకున్న ఒకచోట దుర్వాసన పసిగట్టే సెన్సర్లు పెట్టారు. అవి బాగానే పనిచేశాయి, ఫోన్‌కు అలర్టులు వరసగా వచ్చేవి. కానీ రాత్రి పూట ఆ అలర్టు చూసి కడగడానికి మనిషి లేడు, ట్యాంకులో నీళ్లూ లేవు. ఆడవాళ్ల వైపు రెండు తలుపులకు గడియలు ఊడిపోయి నెల దాటింది, గడియ ఊడితే చెప్పే సెన్సర్ లేదు కదా. చివరికి రెండో షిఫ్టుకు ఒక మనిషిని పెట్టి, గడియలు బిగించి, సబ్బు అయిపోకుండా చూసుకున్నాం. అప్పుడు జనం వాడటం మొదలుపెట్టారు. సబ్బు అన్నాను కాబట్టి ఒక మాట: చాలాచోట్ల శానిటైజర్ బాటిల్ పెట్టి సరిపోయిందనుకుంటున్నారు. వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్ మీద అది సరిగా పనిచేయదు. సబ్బూ నీళ్లూ ఉండాల్సిందే.

రోబోలు, నీళ్లను బలంగా చిమ్మి అడ్డంకులు తీసే జెట్టింగ్ యంత్రాలు మ్యాన్‌హోల్ పనిలోకి రావడం మాత్రం నేను మనస్ఫూర్తిగా ఆహ్వానిస్తాను. హైడ్రోజన్ సల్ఫైడ్ గ్యాస్ తక్కువగా ఉన్నప్పుడు కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది. మోతాదు పెరిగితే మన ముక్కే పనిచేయడం మానేస్తుంది. వాసన తగ్గింది, ఇక దిగొచ్చు అనుకున్నవాళ్లు అలాగే పోయారు. వాళ్లను పైకి లాగడానికి దిగినవాళ్లూ పోయారు. ఏ నగరమైనా ముందు డబ్బు ఖర్చు పెట్టాల్సింది, మనిషి లోపలికి దిగే అవసరమే లేకుండా చేయడం మీద.

మీ ఇంటికి సెప్టిక్ ట్యాంకు ఉంటే, చివరిసారి ఎప్పుడు తీయించారో ఈ వారమే కనుక్కోండి. మూడేళ్లు దాటితే మడ్డి లోతు కొలిపించండి. బండి వచ్చినప్పుడు మూత దగ్గర నిలబడి చూడండి, మనిషిని లోపలికి దింపనివ్వకండి. మిగతా డబ్బులు ప్లాంటులో లోడు దించిన రసీదు తెచ్చాకే ఇస్తామని ముందే చెప్పండి.