కెమ్నిట్స్ వెళ్తున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి అత్తయ్య ఆశీస్సులు.

జర్మనీలోని కెమ్నిట్స్ టెక్నికల్ యూనివర్సిటీలో ఎంబెడెడ్ సిస్టమ్స్ మాస్టర్స్‌కు సీటు వచ్చిందని అన్నయ్య ఫోనులో చెప్పాడు. చాలా సంతోషం. నువ్వు పంపిన ప్రశ్నలన్నీ చదివాను. కుక్కర్ తెచ్చుకోవాలా, ఎన్ని స్వెట్టర్లు కావాలి, ఏ సిమ్ కార్డు మంచిది... అన్నీ సామాన్ల గురించే. వాటికి నీకంటే ఏడాది ముందు వెళ్లిన సీనియర్లు నాకంటే బాగా జవాబు చెబుతారు. నేను రాసేది వాళ్లు మామూలుగా చెప్పని సంగతులు.

లైప్‌జిగ్‌లో మా ఇంటికి వచ్చిపోయే మన పిల్లలను ఎన్నో ఏళ్లుగా చూస్తున్నాను. ఇబ్బందుల్లో పడినవాళ్లలో తెలివి చాలక పడినవాళ్లు దాదాపు లేరు. అడగాల్సిన వేళ అడగక పడినవాళ్లే ఎక్కువ. ఇక్కడ నిన్ను ఎవరూ వెంటపడి పట్టించుకోరు. క్లాసులో హాజరు పిలవరు, రాలేదేమని ఇంటికి ఫోను చేయరు, గడువు దాటిపోతోందని గుర్తుచేయరు. అది నిర్లక్ష్యం కాదు. నిన్ను పెద్దవాడిగా లెక్కవేశారన్నమాట. కాబట్టి ప్రతి విషయంలోనూ మొదటి అడుగు నువ్వే వేయాలి.

అన్నిటికంటే ముందు పరీక్షల సంగతి. మన ఇంజనీరింగ్ కాలేజీలో మిడ్ పరీక్షలు, ఇంటర్నల్ మార్కులు, 75 శాతం హాజరు, ఇవన్నీ నిన్ను పట్టుకుని నడిపించాయి. ఒక సబ్జెక్టు తప్పినా సప్లీ రాసుకోవచ్చనే ధీమా ఉండేది. ఇక్కడ చాలా సబ్జెక్టులకు సెమిస్టరు చివర ఒకే ఒక్క పరీక్ష, మార్కులన్నీ దానిమీదే. పైగా క్లాసులకు వెళ్లినంత మాత్రాన పరీక్షకు పేరు ఎక్కదు. పోర్టల్‌లో విడిగా నమోదు చేసుకోవాలి, దానికో గడువు ఉంటుంది. గడువు దాటాక ఆఫీసుకు వెళ్లి బతిమాలితే పని జరుగుతుందని అనుకోకు. ఆ కౌంటరు దగ్గర కూర్చున్న మనిషి ఎంత మంచివారైనా నిబంధన దాటరు. నమోదు చేసుకుని, గడువులోగా రద్దు చేసుకోకుండా, పరీక్షకు వెళ్లకపోతే తప్పినట్టే లెక్క. ఆ రోజు జ్వరం వస్తే అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్లి సర్టిఫికెట్ తీసుకో. తగ్గాక తీసుకుంటే పనికిరాదు.

తప్పిన పరీక్ష రాయడానికి ఎన్ని అవకాశాలు ఉంటాయో మన పిల్లల్లో చాలామంది మొదటిసారి తప్పాకే తెలుసుకుంటారు. చాలా కోర్సుల్లో మొత్తం మూడే. తప్పనిసరి సబ్జెక్టులో మూడోసారీ తప్పితే కోర్సు నుంచి పేరు తీసేస్తారు. అదే కోర్సును జర్మనీలో మరో యూనివర్సిటీలో చేరి పూర్తిచేద్దామన్నా సాధారణంగా కుదరదు. నీ నివాస అనుమతి చదువుతో ముడిపడి ఉంది కాబట్టి అదీ ప్రశ్నార్థకమవుతుంది. నిన్ను భయపెట్టాలని రాయడం లేదు. ప్రతి కోర్సుకూ ప్రూఫుంగ్స్ఓర్డ్‌నుంగ్ అనే నిబంధనల పత్రం ఉంటుంది, యూనివర్సిటీ వెబ్‌సైటులో దొరుకుతుంది. ఎన్నిసార్లు రాయవచ్చు, తప్పాక ఎంతలోగా మళ్లీ రాయాలి, ఏవి తప్పనిసరి, ఏవి ఎంచుకోవచ్చు, అన్నీ అందులో ఉంటాయి. విమానం ఎక్కే ముందే చదువు. అర్థం కానివి రాసిపెట్టుకుని, వెళ్లిన మొదటి వారంలోనే మీ కోర్సు సలహాదారును అడుగు. వాళ్లు జీతం తీసుకునేది అందుకే, మొహమాటం వద్దు.

చదివే పద్ధతి కూడా మార్చుకోవాలి. మాస్టర్స్ అంటే 120 క్రెడిట్లు, సెమిస్టరుకు 30. ఒక క్రెడిట్ అంటే 25 నుంచి 30 గంటల పని అని లెక్క. అంటే 5 క్రెడిట్ల సబ్జెక్టు కనీసం 125 గంటలు అడుగుతుంది. పరీక్షకు వారం ముందు ఆల్ ఇన్ వన్ తెరిచి గట్టెక్కే చదువు కాదిది. లెక్చర్‌తో పాటు ఊబుంగ్ అని లెక్కలు చేయించే క్లాసు ఉంటుంది. చాలాచోట్ల దానికి హాజరు తప్పనిసరి కాదు, అందుకే మనవాళ్లు మానేస్తారు. పరీక్షలో వచ్చే ప్రశ్నల తీరు అక్కడే తెలుస్తుంది. ఆ వారం ఇచ్చిన లెక్కల కాగితాన్ని క్లాసుకు ముందే నీ అంతట నువ్వు చేసుకుని వెళ్లు, ఎక్కడ ఆగిపోయావో అక్కడ చెయ్యి ఎత్తు. పాత ప్రశ్నపత్రాలు విద్యార్థి సంఘం దగ్గర దొరకవచ్చు, అడగడంలో తప్పు లేదు. ఫలితాలు వచ్చాక దిద్దిన పేపరు చూసుకోవడానికి ఒక రోజు పెడతారు. పాసైనా వెళ్లు, తప్పితే తప్పకుండా వెళ్లు. మార్కుల లెక్క ఇక్కడ తిరగేసి ఉంటుంది: 1.0 అన్నిటికంటే మంచిది, 4.0తో గట్టెక్కినట్టు, 5.0 అంటే తప్పినట్టు. ఒకసారి పాసైన పరీక్షను మార్కులు పెంచుకుందామని మళ్లీ రాస్తానంటే చాలాచోట్ల ఒప్పుకోరు. అందుకే సగం సగం చదివి ‘చూద్దాం’ అని పరీక్షకు వెళ్లకు.

ల్యాబ్ రిపోర్టులు, ప్రాజెక్టులు సీనియర్ల దగ్గర తీసుకుని పేరు మార్చి ఇచ్చే అలవాటు మన దగ్గర ఉంది, దాచుకోవడం దేనికి. థీసిస్‌తో పాటు ఇది నా సొంత పని అని సంతకం చేసి ఇస్తావు. ఇక్కడ ఆ సంతకానికి విలువ ఉంది. పట్టుబడితే సబ్జెక్టు పోతుంది, ఒక్కోసారి సీటే పోతుంది. రాకపోతే రాలేదని చెప్పిన విద్యార్థిని ఏ ప్రొఫెసరూ తక్కువగా చూడడు.

ఇక డబ్బు. వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్‌లో అన్నయ్య వేసిన 11,904 యూరోలు నెలకు 992 చొప్పున నీ చేతికి వస్తాయి. మ్యూనిక్‌తో పోలిస్తే కెమ్నిట్స్‌లో అద్దెలు చాలా తక్కువ కాబట్టి ఒద్దికగా ఉంటే అది సరిపోతుంది. స్టట్‌గార్ట్ వెళ్తున్న నీ స్నేహితుడికి ఈ మాట చెప్పు: జర్మనీ అంతా ఫీజు లేదనేది పాత లెక్క. బాడెన్ వ్యుర్టెంబర్గ్ రాష్ట్రం 2017 నుంచి మనలాంటివాళ్ల దగ్గర సెమిస్టరుకు 1,500 యూరోలు తీసుకుంటోంది. మీ ఊళ్లో ఎవరైనా ఏజెంటు కమిషన్ తీసుకుని ఖాతాలో డబ్బు చూపిస్తానంటే దగ్గరికి కూడా వెళ్లవద్దని చెప్పు. ఆ డబ్బు వాళ్లు వెనక్కి తీసుకున్నాక పిల్లలు అన్నానికి కూడా వెతుక్కోవాల్సి వస్తోంది.

పార్ట్ టైమ్ పని గురించి గట్టిగానే చెబుతాను. చట్టం ప్రకారం ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజులు చేయవచ్చు. 2025లో కనీస వేతనం గంటకు 12.82 యూరోలు ఉండేది. రూపాయల్లోకి మార్చి చూసుకుంటే ఎవరికైనా మనసు లాగుతుంది. గోదాములో రాత్రి షిఫ్టు చేసి పొద్దున లెక్చర్‌లో నిద్రపోయే పిల్లలను చూశాను. అప్పు తీర్చాలని వాళ్ల తొందర నాకు అర్థమవుతుంది. కానీ ఆ షిఫ్టులతో కోర్సు ఏడాది ఆలస్యమైతే, సంపాదించినదానికి మించి ఆ ఏడాది ఖర్చులకే పోతుంది. మొదటి సెమిస్టరు అసలు పని చేయకు. ఆ తరువాత యూనివర్సిటీలోనే ప్రొఫెసర్ల దగ్గర సహాయకుడిగా గాని, నీ సబ్జెక్టుకు దగ్గరి కంపెనీలో విద్యార్థి ఉద్యోగం గాని వెతుక్కో. డబ్బు తక్కువ వచ్చినా థీసిస్‌కూ ఉద్యోగానికీ దారి అక్కడి నుంచే మొదలవుతుంది.

ఆరోగ్య బీమా ప్రభుత్వ పద్ధతిలోదే తీసుకో. నెలకు 140 యూరోలకు పైగానే అవుతుంది. చౌకగా వస్తోందని ప్రైవేటు బీమా తీసుకుని, ప్రభుత్వ బీమా వద్దని రాసిచ్చావంటే, చదువు పూర్తయ్యేదాకా మళ్లీ ఇటు రానివ్వరు. ఇది తెలియక సంతకం పెట్టినవాళ్లున్నారు.

నువ్వు అడగనిది ఇంకొకటి ఉంది, పోస్టు డబ్బా. నవ్వకుండా చదువు. ఇక్కడ చాలా అపార్ట్‌మెంట్లలో చిరునామాలో ఫ్లాట్ నంబరు ఉండదు. కింద గుమ్మం పక్కన వరుసగా డబ్బాలుంటాయి, ఒక్కోదానిమీద ఇంటివాళ్ల పేరు. పోస్ట్‌మన్ ఆ పేరు చూసి ఉత్తరం వేస్తాడు. నీ పేరు లేకపోతే ఉత్తరం వెనక్కి పోతుంది. బ్యాంకు పిన్ నంబరు, బీమా కార్డు, విదేశీయుల కార్యాలయం కబురు, అన్నీ ఉత్తరాల్లోనే వస్తాయి. మన ఇంటిపేర్లతో అసలే తికమక. కొందరికి పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒకచోట, యూనివర్సిటీలో అసలు పేరు మాత్రమే ఇంకోచోట. పాస్‌పోర్టులో ఎలా ఉందో అక్షరం తేడా లేకుండా అంతటా అలాగే రాయించు. గదిలో దిగిన రోజే ఒక చిన్న కాగితం మీద పేరు స్పష్టంగా రాసి, డబ్బా మీదా కాలింగ్ బెల్ మీదా అంటించు. అప్పుడప్పుడు ప్రభుత్వ ఆఫీసుల నుంచి పసుపుపచ్చ కవరు వస్తుంది. దానిమీద పోస్ట్‌మన్ అది అందించిన తేదీ వేస్తాడు, గడువు ఆ తేదీ నుంచే లెక్క. నువ్వు తెరవకపోయినా గడువు నడుస్తూనే ఉంటుంది. కవరుతో సహా దాచు, అర్థం కాకపోతే ఫోటో తీసి అదే రోజు నాకు పంపు. రేడియో, టీవీ రుసుము కట్టమని కూడా ఒక ఉత్తరం వస్తుంది, నెలకు 18.36 యూరోలు. నా దగ్గర టీవీ లేదుగా అని పక్కన పడేయకు. అది ఫ్లాటుకు ఒక్కటే, కలిసి ఉండేవాళ్లు పంచుకోవచ్చు.

ఇల్లు మారిన రెండు వారాల్లోగా ఊరి కార్యాలయంలో చిరునామా నమోదు చేసుకోవాలి, దానికి ఇంటి యజమాని సంతకం చేసిన కాగితం కావాలి. గది చూడకుండా, ఒప్పందం లేకుండా ఎవరికీ అడ్వాన్సు పంపకు. హాస్టలుకు ఇప్పుడే దరఖాస్తు పెట్టు, వరుసలో చాలామంది ఉంటారు. చలికాలంలో రోజుకు రెండు మూడుసార్లు కిటికీలు బార్లా తెరిచి, ఐదు పది నిమిషాలు గాలి ఆడనిచ్చి మూసెయ్యి. అన్నం వండిన ఆవిరి గోడలకు పట్టి నల్లగా బూజు పడితే, వెళ్లేటప్పుడు డిపాజిట్‌లోంచి కోస్తారు.

కోర్సు ఇంగ్లిషులోనే కాబట్టి జర్మన్ తరువాత చూద్దామని నీ ఉత్తరంలో రాశావు. ఇందులో మాత్రం నీతో ఏకీభవించను. కెమ్నిట్స్ 1990 దాకా తూర్పు జర్మనీలో కార్ల్ మార్క్స్ స్టాట్ అనే పేరుతో ఉన్న ఊరు. మార్క్స్ తల విగ్రహం ఇప్పటికీ ఊరి నడుమ ఉంది. అక్కడి పెద్దవాళ్లు బడిలో ఎక్కువగా నేర్చుకున్నది రష్యన్, ఇంగ్లిషు కాదు. ఇంటి యజమాని, డాక్టరు దగ్గర కౌంటరులో ఉండే మనిషి, ట్రామ్‌లో టికెట్ చూసేవాళ్లు, వీళ్లందరితో నీకు పని పడుతుంది. చదువు అయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలలు ఇస్తారు. ఆ వ్యవధిలో అక్షరాలు నేర్చుకుంటూ కూర్చోలేవు కదా. హైదరాబాద్‌లో జర్మన్ నేర్పే గోథే సెంట్రమ్ ఉంది. బయలుదేరేలోగా మొదటి మెట్టు ఏ1 పూర్తిచేసి, తరువాతి ఏ2 మొదలుపెట్టు. యూనివర్సిటీ భాషా కేంద్రంలో మిగతాది కొనసాగించు. తెలుగువాళ్లతో కలిసి ఉండు, పండుగలు చేసుకో, అది నీకు బలమే. కానీ వారంలో ఒక్క సాయంత్రమైనా తెలుగు, ఇంగ్లిషు రెండూ రాని మనిషితో గడుపు.

ఇప్పుడు రాసేది నాకు అన్నిటికంటే ముఖ్యం, నాన్నా. డిసెంబరులో సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడుతుంది. ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయి, వీధుల్లో అలికిడి ఉండదు. ఫిబ్రవరిలో పరీక్షలు దగ్గరపడతాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే మన పిల్లలు ఫోన్లు ఎత్తడం మానేస్తారు. తప్పిన సబ్జెక్టు సంగతి ఇంట్లో చెప్పరు, అమ్మానాన్న అప్పు చేసి పంపారు, ఏ ముఖంతో చెప్పాలి అనుకుంటారు. ఒక అబద్ధానికి తోడు ఇంకొకటి, చివరికి ఏ సెమిస్టరు చదువుతున్నారో ఇంట్లోవాళ్లకు తెలియని స్థితికి వస్తారు. నువ్వు ఆ దారిలో వెళ్లకు. సబ్జెక్టు తప్పితే ఫలితం చూసిన రోజే చెప్పు. అన్నయ్యకు చెప్పలేకపోతే నాకు చెప్పు, ఆయనతో నేను మాట్లాడతాను. ఆయన కోప్పడినా పూట దాటదు, నేను చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. నిద్ర పట్టకపోయినా, గదిలోంచి బయటికి రాబుద్ధి కాకపోయినా, దాన్ని జ్వరంలాగే చూడు, చికిత్స తీసుకో. విద్యార్థుల సంక్షేమ సంస్థ తరఫున మానసిక సలహాదారులు ఉంటారు. అక్కడికి వెళ్లిన ప్రభావం నీ మార్కుల మీదా వీసా మీదా ఏమీ పడదు.

సామాన్లలో పచ్చళ్లు, కారం పొడులు తెచ్చుకో, బియ్యం పప్పులు ఇక్కడే దొరుకుతాయి. ఒరిజినల్ సర్టిఫికెట్లు, అవి అసలైనవేనని తేల్చి ఇచ్చే ఏపీఎస్ సర్టిఫికెట్ చేతి సంచీలో పెట్టుకో, పెట్టెలో వేయకు. లెక్చర్లు అక్టోబరులో మొదలవుతాయి కాబట్టి సెప్టెంబరు మూడో వారానికల్లా దిగేలా చూసుకో. టికెట్ ఖరారయ్యాక తేదీ రాయి. మా ఊరి నుంచి కెమ్నిట్స్ రైలులో గంట దూరమే. చిరునామా నమోదుకు వెళ్లే రోజు నేనూ వచ్చి నీ పక్కన కూర్చుంటాను. మాట్లాడేది మాత్రం నువ్వే, కాబట్టి పేరు, పుట్టిన తేదీ, వీధి పేరు జర్మన్‌లో చెప్పడం ఇప్పటి నుంచే సాధన చెయ్యి.

ఇట్లు,
అత్తయ్య