దక్షిణాఫ్రికాలో ప్రజలను అడగకుండా చేసిన చట్టం చెల్లుతుందా?

చెల్లదు, కోర్టు కొట్టేయగలదు. వర్ణవివక్ష పాలన పోయాక వచ్చిన 1996 రాజ్యాంగం చట్టాల తయారీలో ప్రజలకు చోటివ్వడాన్ని పార్లమెంటుకూ ప్రావిన్సుల శాసనసభలకూ విధిగా పెట్టింది. అయిదేళ్లకోసారి ఓటేస్తే చాలదని దాని ఉద్దేశం.

మటాటియేలే ప్రాంతాన్ని క్వాజులు-నటాల్ ప్రావిన్సు నుంచి తీసి ఈస్టర్న్ కేప్ ప్రావిన్సులో కలిపారు, అదీ ఏకంగా రాజ్యాంగ సవరణతో! క్వాజులు-నటాల్ శాసనసభ మాత్రం జనం మాట వినే బహిరంగ విచారణే పెట్టలేదు. అందుకే 2006లో రాజ్యాంగ న్యాయస్థానం ఆ మార్పు చెల్లదని, 18 నెలల్లో సరిదిద్దుకోమని చెప్పింది.

అలాగని జనం చెప్పిందే చేసి తీరాలనుకుంటే పొరపాటు. గౌటెంగ్ ప్రావిన్సులోని మెరాఫాంగ్ ప్రాంతం విషయంలో విచారణ పెట్టారు, జనం వద్దన్నారు, అయినా దాన్ని వేరే ప్రావిన్సుకు మార్చేశారు. 2008లో రాజ్యాంగ న్యాయస్థానం ఆ మార్పును సమర్థించింది. ఆందోళనల తర్వాత 2009లో మళ్లీ గౌటెంగ్‌లోనే కలిపారు, అది కోర్టు కాదు, రాజకీయం చేసిన పని.