పెరటిని రాయబోయే బిడ్డకు

నల్గొండ,
ఆరుద్ర కార్తె.

చిరంజీవికి ఆశీస్సులు.

బిడ్డా, జడ్చర్ల నుంచి నీవు పంపిన పెరటి వ్యాసాన్ని రెండుసార్లు చదివాను. భాష బాగుంది, ఎక్కడా తడబాటు లేదు. అయితే ఆ పెరడు జడ్చర్లలోనే ఉందో, మరే ఊళ్లో ఉందో ఎంత వెతికినా నాకు ఆనవాలు దొరకలేదు. మావి చిగురు మేసి గొంతెత్తిన కోయిలమ్మ, మత్తెక్కిన తుమ్మెదలు, చల్లని పిల్లగాలి, ఇవన్నీ నీవు చిన్ననాడు పాఠాల్లో చదువుకున్నవే తప్ప పెరట్లో నిలబడి చూసినవి కావని చదవగానే తెలిసిపోతోంది. కోయిల ఎక్కువగా తినేది పండ్లు. అంత గట్టిగా కూసేది నల్లని మగపక్షి. ఒళ్లంతా మచ్చలున్న గోధుమరంగు ఆడపక్షి కాకిగూట్లో గుడ్డు పెట్టే అదను కోసం కొమ్మల చాటున పొంచి ఉంటుంది. కాకులు గూళ్లు కట్టుకునే ఎండకాలమంతా, తొలకరి దాకా ఆ కూత వినిపిస్తూనే ఉంటుంది కాబట్టి దాన్ని ఉగాదికే పరిమితం చేయవలసిన పని లేదు.

అసలు మన దిక్కున వసంతం వేపపూత రాలేంతసేపు కూడా నిలవదు. అందుకే ఆరు ఋతువుల లెక్కను కొంతకాలం పక్కన పెట్టి, మన రైతులు నడిచే 27 కార్తెల లెక్కన ఒక నోటుబుక్కు పెట్టుకోమని చెబుతాను. ఒక్కో కార్తె పదమూడు పద్నాలుగు రోజులు. ఆ కొద్ది రోజుల్లో పెరట్లో ఏది వచ్చింది, ఏది పోయింది, ఏది దేన్ని తిన్నది అని రాసుకుంటే చాలు, వర్ణనలు తర్వాత చూసుకోవచ్చు. రోహిణి ఎండలకు రోళ్లు పగులుతాయన్న సామెతను అందరూ వాడతారు. ఆ ఎండలో కల్యమాకు (కరివేపాకు) చెట్టు కింద మూకుడులో నీళ్లు పోసి పెడితే, పికిలిపిట్ట ముక్కు తెరుచుకుని రొప్పుతూ వచ్చి, తాగేముందు ఎన్నిసార్లు అటూ ఇటూ చూసుకుంటుందో రాసినవారు తక్కువ. ఆ రోజుల్లోనే మగతొండ మెడ ఎర్రబడుతుంది. అది రక్తం పీలుస్తుందని పిల్లలు రాళ్లు వేస్తారు, నేనూ వేసినవాణ్ణే.

మొదటి వాన పడిన రాత్రి దీపం చుట్టూ ఉసిళ్లు ముసురుతాయి. తెల్లవారి వాకిట్లో రాలిన రెక్కలను ఊడ్చేయకముందే కాస్త కూర్చుని చూడు, కప్పకు, తొండకు, గోరింకకు ఆ పూట పండుగే. ఆరుద్ర పురుగు గురించి నీవు "ఎర్రని మఖ్మల్ పురుగు" అని రాసి వదిలేశావు. దాన్ని అరచేతిలోకి తీసుకుని కాళ్లు లెక్కపెట్టావా? ఎనిమిది ఉంటాయి, అంటే అది సాలీడుకు చుట్టం. ముట్టుకోగానే కాళ్లు ముడుచుకుని ఎర్రని ముత్యంలా ఉండిపోతుంది. దాని పిల్లలు మాత్రం మిడతల వంటి పురుగుల ఒంటికి అంటుకుని వాటి రసం పీల్చి బతుకుతాయి. ఇంత అందమైన దానికి అటువంటి బాల్యం ఉందని తెలిస్తే నీ వాక్యం తనంతట తానే మారుతుంది.

నా తప్పు ఒకటి చెబుతాను. రాయడం మొదలుపెట్టిన కొత్తలో, సంక్రాంతి ముందు, మా చిక్కుడు పందిరికి రసం పీల్చే పేనుబంక పురుగు పట్టింది. లేత తీగలన్నీ నల్లగా, జిగటగా తయారయ్యాయి. ఆ జిగటలోని తీపి కోసం చీమలు బారులు తీరాయి. వాటి మధ్య నారింజ మచ్చలతో చిన్న మొసలి పిల్లల్లాంటి నల్లని పురుగులు కొన్ని పాకుతూ కనిపించాయి. పందిరిని నాశనం చేస్తున్నవి అవేనని తీర్మానించుకుని వేళ్లతో నలిపేయడమే కాక, ఆ ఘనకార్యాన్ని వ్యాసంగా రాసి అచ్చువేయించుకున్నాను. అది చదివిన ఒక బత్తాయి రైతు వెతుక్కుంటూ ఇంటికి వచ్చి, నన్ను పందిరి కిందకే నడిపించి, మిగిలిన ఒక పురుగును చూపించాడు. అది ఒక పేనుబంకను నోట పట్టి నెమ్మదిగా పీల్చేస్తోంది. "సారూ, ఇవి అక్షింతల పురుగు పిల్లలు, మీ కాపలాదార్లను మీరే చంపుకున్నరు" అన్నాడు. ఆ వ్యాసానికి అప్పటికే పొగడ్తల ఉత్తరాలు వచ్చి ఉండటం నాకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

మీ ఇంట సీతాఫలం చెట్టు ఉందన్నావు. మీ జడ్చర్ల పక్కనున్న బాలానగర్ పేరుతోనే ఒక సీతాఫలం రకం దేశమంతా తెలుసు, అలాంటి నేల మీద ఉండి ఆ చెట్టును రెండు మాటలతో దాటేయడం నాకు నచ్చలేదు. ఆ పువ్వు ముందు ఆడదిగా ఉండి, తర్వాత మగదిగా మారి పుప్పొడి రాలుస్తుంది. ఆవగింజలంత పెంకుపురుగులు ఆ మందపాటి రేకుల సందుల్లో దూరి ఒక పువ్వు పుప్పొడిని ఇంకో పువ్వుకు చేర్చకపోతే దసరా నాటికి నీ గంపలో పండు ఉండదు. గుమ్మడి పువ్వును చూడాలంటే మాత్రం తెల్లవారుజామునే లేవాలి, పొద్దెక్కితే ముడుచుకుపోతుంది.

పాలపిట్టను దసరా వ్యాసంలో "ఆకాశపు తునక" అన్నావు. 2014లో మన రాష్ట్రపక్షి అయిన ఆ పిట్ట తీగ మీద కూర్చున్నప్పుడు మట్టిరంగుగా, మబ్బుగా ఉంటుంది. మిడత కోసం కిందికి వాలేటప్పుడు రెక్క విప్పితేనే ఆ నీలం బయటపడుతుంది. ఆ రెండు క్షణాల మధ్య తేడాను రాసి పంపు.

మా కల్యమాకు రెమ్మ మీద పది రోజుల కిందట పిట్ట రెట్టలా కనిపించిన పురుగు ఆకుపచ్చగా మారింది. నిన్న పుల్లతో తాకితే తల వెనుక నుంచి నారింజరంగు కొమ్ముల జంట చాచి ఘాటైన వాసన వదిలింది. బత్తాయి, నిమ్మ నారుమళ్లలో రైతులు ఏరి పారేసేది దీన్నే. ఈ పొద్దున అది తిండి మాని, నడుముకు దారం కట్టుకుని రెమ్మకు ఆనుకుంది. వారం, పది రోజుల్లో రెక్కలు రావాలి. మా మనవరాలు బడికి పోయేముందు రోజూ చూసి వెళుతోంది.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి.