వెటర్నరీ విద్యార్థికి వేసవి రీసెర్చా? ముందు ఊళ్లో గోమార్లు ఏరండి

"బీవీఎస్సీ మూడో ఏడాది చదువుతున్నా, వేసవి సెలవుల్లో రీసెర్చ్ చేయాలనుంది, ఎక్కడ అప్లై చేయాలి, ఫారిన్ ఛాన్సులు ఉన్నాయా" అని అడిగారు. ఉన్నాయి. అమెరికాలో కార్నెల్ యూనివర్సిటీ వెటర్నరీ విద్యార్థుల కోసం పది వారాల లీడర్‌షిప్ ప్రోగ్రాం నడిపింది, బయటి దేశాల వాళ్లనూ తీసుకునేవారు, ఇప్పుడూ ఉందో లేదో చూసుకోండి. మన దేశంలో మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్ ఉంది. రెండు నెలలు ఒక సైంటిస్టు దగ్గర పని. వేసవి కదా అని మార్చిలో వెతికితే దొరకదు, అప్లికేషన్లు అంతకుముందు చలికాలంలోనే అయిపోతాయి. అర్హత ఏటా నోటిఫికేషన్‌లో చూసుకోండి.

హైదరాబాద్ ఒక్క ఊళ్లోనే ఎన్ని ఉన్నాయో చూడండి. గచ్చిబౌలి వైపు జంతు బయోటెక్నాలజీ సంస్థ ఎన్ఐఏబీ, అత్తాపూర్‌లో అంతరించిపోతున్న జంతువుల మీద పనిచేసే సీసీఎంబీ వాళ్ల ల్యాబ్ లాకోన్స్, రాజేంద్రనగర్‌లో కోళ్ల పరిశోధన డైరెక్టరేట్, చెంగిచెర్లలో మాంసం పరిశోధన సంస్థ. అన్నిటికీ ఉత్తరం రాయండి.

ఇక నేను చెప్పాలనుకున్నది చెబుతా. మొదటి వేసవి రీసెర్చ్ మీ కాలేజీలో, మీ జిల్లా పశువుల మీదే చేయాలి. పెద్ద ల్యాబులో రెండు నెలలుంటే పిపెట్ పట్టడం వస్తుంది. ప్రశ్న ఎక్కడ పుడుతుందో మాత్రం అక్కడ తెలియదు.

నేను చేసింది గోమార్ల మీద, అంటే పశువుల ఒంటికి పట్టుకుని రక్తం తాగే పురుగుల మీద. తిరుపతిలో చదివే రోజుల్లో పారాసైటాలజీ (పరాన్నజీవుల సబ్జెక్టు) సార్‌ని అడిగితే, సంకరజాతి ఆవులున్న ఊళ్లకు వెళ్లి గోమార్లు పట్టుకురమ్మన్నారు. చిత్తూరు వైపు ఇంటింటికీ ఆవులే కదా. మే నెల, తెల్లారక ముందే బయల్దేరేవాళ్లం. రక్తం తాగి ఉబ్బిన ఆడ గోమార్లు పొద్దున్నే దొరుకుతాయి, ఆలస్యమైతే రాలిపోయి గోడ పగుళ్లలో దూరతాయి. ఒక ఇంట్లో పెద్దావిడ కొట్టం గుమ్మం దగ్గరే ఆపేసింది. "ఇప్పుడు ముట్టుకుంటే ఆవు చేపదు నాయనా. పాలు పితికినంక రాండి." పాలు కేంద్రంలో పోసి వచ్చేదాకా అరుగు మీద కూర్చున్నాం. వచ్చాక మా సీసాలు చూసి నవ్వింది. "సదువుకునే పిల్లోళ్లు గోమార్లు ఏరేదానికి ఇంత దూరం వస్తిరా? అన్నీ ఏరుకోని పోండి, పుణ్యముంటాది."

ఆవు చెవుల లోపల, తోక మొదట్లో, పొదుగు పక్కన గుత్తులు గుత్తులుగా ఉన్నాయి. గుంజి లాగితే మూతి తెగి చర్మంలోనే ఉండిపోతుంది, మెల్లగా తీయాలి. మేం తీస్తుంటే ఆవిడ అడిగింది: "మందు కొట్టినా సావట్లేదు. తప్పు మందుదా, మాదా?"

నా దృష్టిలో రీసెర్చ్ ప్రశ్న అంటే అదే. ఏ పేపర్లోనూ అంత సూటిగా రాసి ఉండగా నేను చూడలేదు.

ల్యాబుకి తెచ్చి కడిగి, ఆరబెట్టి, తూకం వేశాం. గోమార్లకి కొట్టే మందు డెల్టామెత్రిన్ ద్రావణంలో రెండేసి నిమిషాలు ముంచి, కొన్నిటిని ఉత్త నీళ్లలో ముంచి, 28 డిగ్రీల దగ్గర తేమ ఉండేలా ఇంక్యుబేటర్లో పెట్టాం. రెండు వారాలయ్యాక గుడ్లు తూచాలి, మందు పనిచేసిందో లేదో ఆ బరువే చెబుతుంది. ఒక్కో గోమారు రెండు మూడు వేల గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. మధ్యలో కరెంటు పోయినప్పుడల్లా టెన్షనే, ల్యాబ్ అటెండర్‌తో కలిసి తడిగుడ్డలు మారుస్తూ కూర్చున్నాం. చివరికి చూస్తే, లేబుల్ మీద రాసిన మోతాదులో ముంచినవి కూడా కొన్ని శుభ్రంగా గుడ్లు పెట్టేశాయి. ఇటు ఆవిడ మందును సీసా మూతతో కొలిచి బకెట్లో కలుపుతోంది. ఆవు మీద కొడుతోంది గానీ గోడ పగుళ్లలో కొట్టట్లేదు. అంటే తప్పు సగం మందుది, సగం మనది. నాలుగు కొట్టాలు చూసి జిల్లా మొత్తానికి తీర్పు చెబుతున్నావని మా సార్ అనేవారు. నేను ఇప్పటికీ ఆ తీర్పే చెబుతా. సంకరజాతి ఆవుకి గోమార్లు అంటించే థైలేరియా జ్వరమొచ్చి, సూది మందుకి వేలు పెట్టే రైతుని చూసినప్పుడల్లా ఆ పగుళ్లే గుర్తొస్తాయి.

నా కడుపుమంట కూడా వినండి. మెడికల్, డెంటల్ పిల్లలకి కేంద్ర వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ 1979 నుంచీ రెండు నెలల స్టూడెంట్‌షిప్ ఇస్తోంది. మా టైంలో మాకు అలాంటిది లేదు. గోమార్లకైన ఖర్చు జేబులోదే. పశువుల నుంచి మనుషులకి రోగాలొస్తాయని ప్రతి సభలోనూ చెబుతారు, ఆ పశువుల దగ్గరికి పంపే విద్యార్థికి బస్సు చార్జీ మాత్రం ఇవ్వరు. పైగా అడ్మిషన్లు ఆలస్యమై, పరీక్షలు జరిగి, మన వేసవి సెలవులు ఒక్కోసారి వానల్లో వస్తాయి. ఇప్పుడింకో దందా: వారం రోజుల ఆన్‌లైన్ "రీసెర్చ్ ఇంటర్న్‌షిప్", డబ్బు కట్టు, సర్టిఫికెట్ పట్టు. మా జూనియర్ ఒకతను అలాంటివి ఫైలు నిండా పెట్టుకున్నాడు. పేడలో పురుగు గుడ్లు చూడమంటే స్లైడ్ పెట్టడం రాలేదు.

సైంటిస్టుకి రాసేటప్పుడు "రీసెర్చ్ అంటే నాకు చిన్నప్పటి నుంచి ప్రాణం" లాంటివి వద్దు. ఆయన పేపర్ ఒకటి చదివి, అందులో అర్థంకాని ఒక్క విషయం అడగండి. జవాబు రాకపోతే రెండు వారాలాగి మళ్లీ రాయండి. మీ కాలేజీలోనైతే మెయిల్ కాదు, నేరుగా గదికి వెళ్లండి. "పరీక్షలయ్యాక చూద్దాం" అంటారు. పరీక్షలైన మర్నాడే వెళ్లి నిలబడండి.

హాస్టల్ సంగతి కూడా ముందే అడిగి పెట్టుకోండి. సెలవుల్లో మెస్ మూసేస్తారు. మేం గేటు ముందు బండి దగ్గర ఇడ్లీలతోనే నెట్టుకొచ్చాం. ఆ బండాయన కూడా పెళ్లికని ఊరెళ్లిన వారం మాత్రం, గోమార్లకున్నపాటి భోజనం మాకు లేదు.