వైను వద్దు, వెనిగర్ పెట్టు నాయనా

చిరంజీవి బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

నీ వాయిస్ మెసేజ్ మొత్తం విన్నాను. గ్రేడింగులో తీసేసిన సపోటాలు గంపలకు గంపలు గేదెలకు పోస్తున్నావనీ, పెరట్లో ఒక షెడ్డు వేసి పండ్ల వైను చేస్తే ఎట్లా ఉంటుందనీ అడిగావు. కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో ఉద్యోగం చేసి రిటైరైన పెద్దమ్మని కాబట్టి నన్ను అడిగావు, సంతోషం. చేసే పద్ధతి కష్టమేమీ కాదు. కానీ వైను దగ్గర ఆగవద్దని చెప్పడానికే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను.

మొదట చట్టం సంగతి. మన రాష్ట్రంలో లైసెన్సు లేకుండా మత్తునిచ్చేది ఏదీ తయారు చెయ్యకూడదు. 1968 నాటి ఎక్సైజ్ చట్టం అది. ‘అమ్మడానికి కాదు సార్, ఇంట్లో వాడుకోవడానికే’ అన్నంత మాత్రాన వదిలిపెట్టరు. అమెరికాలో నీ ఫ్రెండు గ్యారేజీలో చేసుకుంటున్నాడంటే అక్కడి చట్టం వేరు. చట్టం సంగతి అట్లుంచినా, దూబగుంట మనకు ఎంత దూరమని? 1992లో ఆ ఊరి ఆడవాళ్ళు సారా కొట్టు మీద పడితే ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకింది, మరుసటేడు సారా నిషేధమే వచ్చింది. మీ అమ్మా నేనూ కళ్ళారా చూసిన కాలం. మీ పెరట్లోంచి పులిసిన పండ్ల వాసన వస్తే పక్కింటావిడ ఊరుకుంటుందనుకుంటున్నావా?

అదే పండు, అదే షెడ్డు, అదే కష్టం. ఇంకొక్క మెట్టు ముందుకు పోనిస్తే వెనిగర్ అవుతుంది. తాటికల్లు సంగతి నీకు తెలిసిందే కదా. దించినప్పుడు తియ్యగా ఉండేది ఎండెక్కేసరికి మత్తెక్కుతుంది, తర్వాత నోట పెట్టలేనంత పుల్లబడుతుంది. ఈస్టు చక్కెరని ఆల్కహాలు చేస్తుంది, గాలి తగిలితే ఇంకో రకం బ్యాక్టీరియా ఆ ఆల్కహాలుని ఎసిటిక్ ఆమ్లం చేస్తుంది. మధ్యలో మత్తు దశ ఒకటి తప్పదు కనుక, మొదలుపెట్టే ముందే ఎక్సైజ్ స్టేషనుకి వెళ్ళి వెనిగర్ కోసమని అర్జీ ఇచ్చి, వాళ్ళేమంటారో కాగితం మీద రాయించుకో. వాళ్ళు కాదంటే అక్కడితో మానుకో. ఇక దాన్ని సారాలాగా కాచి దించుదామని ఎవడైనా సలహా ఇస్తే వాడిని గేటు దాటనివ్వకు. అది నేరం మాత్రమే కాదు, ప్రాణాలు తీసే పని కూడా.

ఇక షెడ్డు. ఇక్కడే నువ్వు డబ్బు తగలేస్తావని నా భయం. మన ఎండలకు రేకుల షెడ్డు పొయ్యి మీది బాణలే. ఇంటికి ఉత్తరం వైపున, చెట్టు నీడ పడేచోట చూసుకో. రేకు వేసినా దాని మీద తాటాకు కప్పించు. రెండు పక్కలా పైన జాలీ కిటికీలు ఉండాలి. పులిసేటప్పుడు వచ్చే కార్బన్ డయాక్సైడు గాలికంటే బరువు కాబట్టి నేలకు దగ్గరగా కూడా గాలి పోయే దారి వదలాలి. ఏడాది పిల్లాడు పాకే ఇల్లు, ఆ మాట మర్చిపోకు.

పని బల్లకీ నేలకీ కడప బండలు అన్నావు. వద్దు. కడప బండ సున్నపురాయి, పులుపు పడితే తెల్లగా మచ్చలు తేలి తినేసుకుపోతుంది. సిమెంటు గచ్చు కూడా అంతే. చీమకుర్తి పాలిషింగు యూనిట్ల దగ్గర విరిగిన గ్రానైటు ముక్కలు పడుంటాయి, బల్లకి అది చాలు. నేలకి మార్కాపురం పలకరాయి దొరికితే ఇంకా మంచిది. నేల ఒక పక్కకి వాలుగా పెట్టించి, కడిగిన నీళ్ళు బయటకు పోయేలా చెయ్యి.

పాత్రల్లో అల్యూమినియం, ఇత్తడి, రాగి, ఇనుము పనికిరావు. పండు పిసకడానికి స్టీలు గిన్నె పర్లేదు కానీ నెలలకొద్దీ నిల్వకి గాజు సీసాలు గానీ ఆహారానికి వాడే ప్లాస్టిక్ డ్రమ్ము గానీ కావాలి. అటక మీది పాత ఆవకాయ జాడీలు చూసి ముచ్చటపడకు. వాటి పూతలో సీసం ఉండొచ్చు, పులుపు దాన్ని లాగేస్తుంది.

కాలం గురించి చెప్తాను. ఈస్టుకి 20 నుంచి 30 డిగ్రీలు హాయి. వెనిగర్ బ్యాక్టీరియాకి కూడా ముప్పై లోపు మేలు, 35 దాటితే నీరసిస్తుంది. మే నెలలో మన దగ్గర 43, 44 కొట్టినప్పుడు మామిడిపండ్లు ఊరికే వస్తున్నాయి కదా అని మొదలుపెడితే కుళ్ళు వాసనే మిగులుతుంది. తుపాన్ల తడి తగ్గాక డిసెంబరులో మొదలుపెట్టు, ఫిబ్రవరికి పని తేలిపోవాలి. ఆ రోజుల్లో జామ కూడా దొరుకుతుంది. నేరేడు రంగు అందంగా వస్తుంది గానీ అది జూన్, జులైల్లో పండుతుంది, చల్లటి గది లేకుండా వద్దు.

సపోటా పూర్తిగా మెత్తబడాలి. పచ్చిదాంట్లో పాలు, వగరు పోవు. తొక్క, గింజ తీసి గుజ్జుకి సమంగా కాచి చల్లార్చిన నీళ్ళు కలుపు. సపోటాలో తీపి బాగానే ఉంటుంది, పులుపే లేదు. పులుపు లేని రసంలో వేరే క్రిములు ముందు చేరతాయి. అందుకని పొదలకూరు నిమ్మకాయలు పిండి కాస్త పుల్లదనం తగిలేదాకా కలుపు. ఆ తర్వాత వడకట్టి హైడ్రోమీటరు వెయ్యి, నీళ్ళతో పోలిస్తే రసం ఎంత చిక్కనో, అంటే తీపి ఎంతుందో అది చూపిస్తుంది. పాల సొసైటీలో లాక్టోమీటరు తేల్చి చూస్తారు కదా, పద్ధతి అదే, గొట్టం మాత్రం వేరేది కొనాలి. 1.045 నుంచి 1.050 మధ్య చూపించాలి. తక్కువైతే చక్కెర వెయ్యి, ఎక్కువైతే నీళ్ళు పొయ్యి. తీపి ఎక్కువుంటే మంచిదే కదా అనుకోకు. ఆల్కహాలు మరీ పెరిగితే వెనిగర్ బ్యాక్టీరియా లేవదు. ఆరు శాతం దగ్గర తేలితే చాలు.

లీటరుకి సుమారు ఒక గ్రాము ఈస్టు. వైను ఈస్టు తెప్పించుకోలేకపోతే బేకరీ ఈస్టుతో కూడా జరుగుతుంది, రుచిలో కాస్త తేడా. మూత బిగించకు, సీసా పగులుతుంది. మూతకి గొట్టం పెట్టి దాని రెండో కొస నీళ్ళ సీసాలో ముంచు. బుడగలు ఆగి హైడ్రోమీటరు 1.000 దగ్గరికి దిగితే మొదటి మెట్టు అయింది. అడుగున మడ్డి కదలకుండా పైది తీసుకో.

రెండో మెట్టుకి వెడల్పు మూతి పాత్ర, సగానికి మించి నింపకుండా. గాలి తగిలే మేరే పని జరుగుతుంది. సూపర్ మార్కెట్లో ‘మదర్’, అంటే వెనిగర్ బ్యాక్టీరియా మడ్డి ఉన్న ఆపిల్ సైడర్ వెనిగర్ దొరుకుతుంది కదా, మన రసంలో దాదాపు మూడో వంతు అది కలుపు. వీలైతే దీన్ని మొదటి మెట్టు ముగిసిన రోజే కలిపెయ్యి, ఎవరూ గ్లాసు పట్టుకుని రాకముందే. పైన సన్నటి పంచె గుడ్డ రెండు మడతలు వేసి దారంతో బిగించు, పండు ఈగలు సందు దొరికితే చాలు దూరతాయి. కొన్ని రోజులకి జిగురు పొర కడుతుంది, అదే మదర్. దాన్ని కెలకొద్దు. నూగుగా పచ్చగానో నల్లగానో బూజు పడితే మాత్రం ఆశపడకుండా మొత్తం పారబోయి. నెల నుంచి రెండు నెలలు పడుతుంది.

పూర్తయిందని నాలిక చెప్పలేదు, పీహెచ్ కాగితమూ చెప్పలేదు. టైట్రేషన్ చెయ్యాలి, అంటే క్షారం చుక్కలుగా కలిపి ఆమ్లం ఎంతుందో లెక్క కట్టాలి. 5 మిల్లీలీటర్ల వెనిగర్‌లో రంగు మారి చూపించే ఫినాఫ్తలీన్ రెండు చుక్కలు వేసి, 0.1 నార్మల్ గాఢత ఉన్న సోడియం హైడ్రాక్సైడు ద్రావణం గులాబీ రంగు నిలిచేదాకా బ్యూరెట్టు గొట్టంతో వదులు. ఎన్ని మిల్లీలీటర్లు పట్టిందో దాన్ని 0.12తో గుణిస్తే ఆమ్లం శాతం వస్తుంది. పులియబెట్టిన వెనిగర్‌కి ఆహార నిబంధనల ప్రకారం 3.75 శాతానికి తగ్గకూడదు, నువ్వు 4 దాటించు. ఈ లెక్క చూడకుండా ఊరగాయల్లో పొయ్యొద్దు, ఎవరికీ ఇవ్వొద్దు. లెక్క కుదిరాక 65 డిగ్రీల దగ్గర పది నిమిషాలు ఉంచి, సీసాలు గొంతుదాకా నింపి బిగించు. అట్లాగే తెరిచి వదిలేస్తే ఆ బ్యాక్టీరియా ఆమ్లాన్ని కూడా తినేసి చివరికి నీళ్ళు మిగులుస్తుంది.

అమ్మకం గురించి ఇప్పుడే కలలు కనకు. అమ్మాలనుకున్న రోజు ఆహార భద్రత చూసే ఎఫ్ఎస్ఎస్ఏఐ దగ్గర రిజిస్ట్రేషన్ తీసుకోవాలి, అది ఆన్‌లైన్లో అయిపోతుంది. ఈ ఏడాదికి ఇరవై లీటర్ల డ్రమ్ములు రెండు చాలు. ఒకటి సపోటా, ఒకటి జామ.

ల్యాబు సామాను కొనడానికి తొందరపడకు. బ్యూరెట్టు, పిపెట్టు నా దగ్గరున్నాయి. అర్జీకి ఎక్సైజ్ వాళ్ళు ఏమన్నారో ముందు ఫోన్ చేసి చెప్పు. పని మొదలయ్యాక ప్రతి డ్రమ్ము మీదా తేదీ, హైడ్రోమీటరు రీడింగు రాసి, శాంపిల్ సీసా ఆదివారం కావలి వచ్చేటప్పుడు పట్టుకురా. మీ అమ్మని కూడా తీసుకురా, మోకాళ్ళ నొప్పికి డాక్టరుని చూపిద్దాం.

మీ పెద్దమ్మ