దేవుడు మంచివాడైతే చెడు ఎక్కడిది?

ప్రశ్న: అన్నిటినీ దేవుడే చేశాడంటారు కదా, మరి చెడును కూడా ఆయనే చేసినట్టా? క్రైస్తవ పండితులు ఏమంటారు?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ఈ ప్రశ్నతో ఏళ్ల తరబడి నలిగిపోయిన క్రైస్తవ పండితుడు అగస్టీన్. క్రీ.శ. 354లో ఉత్తర ఆఫ్రికాలో పుట్టాడు. వెలుగుకు పోటీగా చీకటి అనే మరో శక్తి ఉందని చెప్పే మానీ మతంలో దాదాపు 9 ఏళ్లు ఉండి, అది మనసుకెక్కక బయటికొచ్చాడు. చివరికి ఆయన చెప్పిందేంటంటే, చెడు దేవుడు చేసిన వస్తువు కాదు, ఆరోగ్యం లేకపోవడమే జబ్బు అయినట్టు మంచి లోపించడమే చెడు.

మరి పాపం? 16 ఏళ్ల వయసులో స్నేహితులతో కలిసి పియర్ పళ్లు దొంగిలించిన సంగతి తన ఆత్మకథ ‘కన్ఫెషన్స్’లో రాశాడు. ఆకలి లేదు, తన దగ్గర అంతకంటే మంచి పళ్లే ఉన్నాయి, కోసినవాటిలో ఎక్కువ పందులకు పడేశారు. తప్పు కాబట్టే అందులో మజా వచ్చిందంటాడు, ఒక్కడినే అయితే చేసేవాణ్ణి కాదని కూడా. నాకైతే ఆయన సిద్ధాంతం కంటే ఈ పేజీలే ఎక్కువ నిజం అనిపిస్తాయి.

కానీ బిడ్డను పోగొట్టుకున్న తల్లికి ‘చెడు అంటే లోపం’ అని చెప్పకూడదు. బైబిల్లోని యోబు గ్రంథం చివర్లో దేవుడు కోప్పడింది, అన్నీ పోగొట్టుకుని బాధపడే యోబుకు కారణాలు వివరించిన స్నేహితుల మీదే.